చెక్క రెక్కలు, మారే పిచ్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

1940ల నాటి తేలికపాటి విమానాల మీద, అందులోనూ పిచ్ (ప్రొపెల్లర్ రెక్కల వాలు కోణం) మారే చెక్క ప్రొపెల్లర్ల మీద వచ్చిన ఉత్తరాలకు ఈసారి చోటిచ్చాం. ఇక్కడ రెక్క అంటే ప్రొపెల్లర్ రెక్కే, విమానం రెక్క కాదు. వీటిలో ఎక్కువ భాగం అమెరికాలోని తెలుగువారు రాసినవి. ఈ విమానాలు నేటికీ ఎగురుతున్నది ప్రధానంగా అక్కడే కాబట్టి నియమాలు కూడా అక్కడివే చెబుతున్నాం. టార్క్ (బోల్టు బిగువు) విలువలు, రెక్క కోణాలు ఒక్కో మోడల్‌కి ఒక్కోలా ఉంటాయి. వాటిని మీ ప్రొపెల్లర్ మాన్యువల్‌లోనే చూసుకోండి. పక్క హ్యాంగర్ వాళ్ల అంకెలు మీకు పనికిరావు.

ప్రశ్న: ఏరోమాటిక్ ప్రొపెల్లర్ ఉన్న స్టిన్సన్ 108 కొన్నాను. పిచ్ దానంతటదే మారుతుందంటున్నారు. కాక్‌పిట్‌లో చూస్తే దానికోసం ఏ లివరూ లేదు. మరి ఎలా మారుతుంది? ఎగిరే ముందు ఏమేం చూడాలి? (డాలస్, టెక్సస్)

జవాబు: ఏరోమాటిక్‌ని బాల్టిమోర్‌లో కాపర్స్ కంపెనీ తయారుచేసింది. తర్వాత అది కొలరాడోలోని యూనివేర్ సంస్థ చేతికి వెళ్లింది. గ్లోబ్ స్విఫ్ట్, బెలాంకా క్రూజేర్ లాంటి విమానాల మీద కూడా ఇదే కనిపిస్తుంది. దీనికి మోటారు లేదు, నూనె ఒత్తిడి లేదు, లాగే కేబులూ లేదు. రెక్కల మీద పనిచేసే బలాల మధ్య పోటీయే పిచ్‌ని మారుస్తుంది.

రెక్కలు హబ్‌లోంచి (రెక్కలు అమరే నడిమి లోహపు భాగం) తిన్నగా రావు. తిరిగే దిశకు కాస్త వెనక్కి వాలి ఉంటాయి. అందువల్ల గాలి రెక్కను ముందుకు లాగే బలం, రెక్క మెలితిరిగే ఇరుసుకు వెనక పడుతుంది. ఆ లాగుడుకు రెక్క వెనక అంచు ముందుకు తిరిగి పిచ్ తగ్గుతుంది. తిరిగే వేగానికి రెక్క తనంతట తాను చదును కావాలని చూస్తుంది, అదీ పిచ్ తగ్గించే వైపే. వీటికి ఎదురుగా రెక్క మొదట్లో బిగించిన కౌంటర్‌వెయిట్లు పిచ్ పెంచే వైపు లాగుతాయి. పరుగు మొదలుపెట్టినప్పుడు రెక్క మీద లాగుడు ఎక్కువ కాబట్టి పిచ్ తగ్గి ఇంజన్ బాగా తిరుగుతుంది. విమానం వేగం అందుకునేకొద్దీ లాగుడు తగ్గి, కౌంటర్‌వెయిట్లది పైచేయి అవుతుంది, పిచ్ పెరుగుతుంది. ఈ బలాల్లో ఏ ఒక్కటి దారి తప్పినా, అంటే బేరింగ్ బిగుసుకున్నా బరువు తేడా వచ్చినా, అది మొదట ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) ముల్లు మీదే తెలుస్తుంది.

తనిఖీకి ముందు మాగ్నెటోలు (ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించేవి) ఆపి తాళంచెవి జేబులో వేసుకోండి. మాగ్నెటో ఎర్త్ తీగ తెగి ఉంటే స్విచ్ ఆపినా ఇంజన్ అంటుకోగలదు కాబట్టి, ప్రొపెల్లర్ ఎప్పుడైనా తిరగొచ్చన్న జాగ్రత్తతోనే చెయ్యి వేయండి. ప్రతి రెక్కనూ ముందువైపు, వెనకవైపు చూడాలి. కొస లోహం లేచిందా, కొసన ఉన్న సన్నటి రంధ్రాలు తెరుచుకుని ఉన్నాయా, కౌంటర్‌వెయిట్ బోల్టులకు సేఫ్టీ వైరు, కాటర్ పిన్ను ఉన్నాయా, రెక్క మొదట్లోంచి గ్రీజు చారలు బయల్దేరాయా అన్నవి గమనించండి. అన్నిటికన్నా ఎక్కువసేపు చూడాల్సింది చెక్క లోహంలోకి దిగే అంచు దగ్గర. దాని గురించి కింద విడిగా చెప్పాం. తర్వాత రెండు రెక్కల్నీ మొదట్లో పట్టుకుని మెల్లగా మెలితిప్పి చూడండి. రెండూ జోడుగా, సమానంగా కదలాలి. కొస పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపితే మొదట్లో టక్‌మన్న చప్పుడు రాకూడదు.

ప్రశ్న: చెక్క రెక్క లోహపు తొడుగులోకి దిగేచోట వార్నిష్ మీద వెంట్రుకంత గీత కనిపిస్తోంది. మెకానిక్ మామూలేనంటున్నాడు. ఎగరవచ్చా? (సిన్సినాటి, ఒహాయో)

జవాబు: ఆ గీత ఏ దిశలో పోతోందో చూడందే ఎవరూ అవునని గానీ కాదని గానీ చెప్పకూడదు.

ఒకే దుంగగా చేసిన ప్రొపెల్లర్‌లో చెక్క నడుమ నుంచి కొస దాకా తెగకుండా ఉంటుంది. పిచ్ మారే ప్రొపెల్లర్‌లో రెక్కలు విడివిడిగా ఉంటాయి. రోకలికి పొన్ను వేసినట్టు ఒక్కో రెక్క మొదలుకు లోహపు పొన్ను తొడిగి, పొడవాటి ల్యాగ్ స్క్రూలతో చెక్కకు బిగిస్తారు. ఆ పొన్నే హబ్‌లోని బేరింగ్‌లో కూర్చుంటుంది. ఆ జాయింటు మీద పడే భారం ఎంతో లెక్క వేసి చూడండి. 3 కిలోల రెక్క గరిమనాభి ఇరుసుకు 40 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. 2,500 ఆర్‌పీఎం దగ్గర ఆ రెక్క బయటికి లాగే బలం 8 టన్నులు దాటుతుంది. అదంతా చెక్కకూ లోహానికీ ఉన్న పట్టు మీదే ఆధారపడి ఉంది. అందుకే ఈ ప్రొపెల్లర్లకు జరిగే తనిఖీ అంతటిలో అరచేయంత ఆ చోటిదే పెద్దపీట.

అక్కడ రెండు రకాల గీతలు వస్తాయి. మొదటిది పొన్ను అంచు వెంబడే ఉంగరంలా చుట్టూ పోతుంది. లోహం తేమకు కదలదు, చెక్క ఉబ్బి కుంచించుకుంటుంది. ఆ తేడాకు పైనున్న వార్నిష్ తెగుతుంది. ఇది పూతలో వచ్చిన గీత. రెండోది పొన్ను అంచున మొదలై నార వెంబడి రెక్క కొస వైపు సాగుతుంది. ఇది చెక్కలో వచ్చిన పగులు. లోపల ల్యాగ్ స్క్రూల మర చివరలు ఉన్నచోటే ఇలాంటివి పుడతాయి. పైకి కనిపించేది వేలెడే అయినా లోపల చెక్క అంతకన్నా ఎక్కువ చీలి ఉండవచ్చు. ఇది కనిపిస్తే విమానం ఎగరకూడదు. రెక్క విప్పి, ప్రొపెల్లర్ రేటింగ్ ఉన్న రిపేర్ స్టేషన్‌కి పంపాల్సిందే.

తేడా తెలుసుకోవడానికి ఆ చోటుని సబ్బునీళ్ల గుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టండి. టార్చి వెలుగు నేరుగా కాకుండా పక్కనుంచి ఏటవాలుగా పడేట్టు పట్టుకుని పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో చూడండి. గీత ఉంగరంలా ఉండి, ఎక్కడా కొస వైపు కొమ్మ వేయకపోతే, మెకానిక్ ఆ చోట కొంచెం వార్నిష్ తీసి చెక్క చూడాలి. చెక్క గట్టిగా ఉంటే మళ్లీ పూత వేసి మూసేయాలి. పూత గీతే కదా అని వదిలేయడం కూడా తప్పే. తేమ పొన్ను లోపలికి చేరేది ఆ సందులోంచే. అది ఏళ్ల తరబడి లోపల నిలిస్తే స్క్రూ తుప్పు పడుతుంది, చుట్టూ ఉన్న చెక్క మెత్తబడుతుంది. పూత గీతను ఇలా పట్టించుకోకపోతే అదే కొన్నాళ్లకు చెక్క పగులుకు దారితీస్తుంది.

ఇక స్క్రూ వదులైందేమోనని పాన పట్టుకుని బిగించబోవద్దు. ల్యాగ్ స్క్రూ బిగువును తయారీదారు చెప్పిన పద్ధతిలోనే పరీక్షించాలి. అతిగా తిప్పితే మర పట్టుకున్న చెక్క పొడి అయిపోతుంది. అప్పుడు స్క్రూ బిగుసుకున్నట్టే ఉంటుంది కానీ పట్టు ఉండదు. ల్యాగ్ స్క్రూ విరిగినా, పొన్నులో పగులో కోతో కనిపించినా ఆ రెక్క బాగుచేతకు పనికిరాదని ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) సలహా పత్రం 43.13-1బీ స్పష్టంగానే చెబుతుంది.

ప్రశ్న: హ్యూస్టన్ నుంచి డెన్వర్‌కి మారాం. అదే విమానం, అదే ఏరోమాటిక్. ఇక్కడ పూర్తి థ్రాటిల్ ఇచ్చినా ఆర్‌పీఎం మునుపటంత రావడం లేదు. ప్రొపెల్లర్ పాడైందా? (డెన్వర్, కొలరాడో)

జవాబు: హ్యూస్టన్ దాదాపు సముద్ర మట్టంలో ఉంది, డెన్వర్ 5,280 అడుగుల ఎత్తున. పలుచటి గాలిలో రెక్క మీద లాగుడు తగ్గుతుంది. కౌంటర్‌వెయిట్ల బలం గాలిని బట్టి మారేది కాదు, ఆర్‌పీఎంని బట్టే మారుతుంది. కాబట్టి వాటిది పైచేయి అయి పిచ్ అవసరానికి మించి పెరుగుతుంది. ఇంజన్‌కి కూడా అక్కడ శక్తి తక్కువే కదా. రెండూ కలిసి ఆర్‌పీఎంని కిందికి లాగుతున్నాయి. అంటే ప్రొపెల్లర్ సరిగ్గానే ఉంది, బరువులే కొత్త ఊరికి సరిపడడం లేదు.

అయినా బరువుల జోలికి పోయే ముందు ఆర్‌పీఎం గడియారాన్ని నమ్మవచ్చో లేదో తేల్చుకోండి. ఆ కాలపు మెకానికల్ గడియారాలు ఏళ్లు గడిచేకొద్దీ తప్పు చూపడం సాధారణం. ఆప్టికల్ టాకోమీటర్‌ని రెండు రెక్కల సెట్టింగ్‌లో పెట్టి, రెండు మూడు చోట్ల పోల్చి తేడా రాసుకోండి. ఆ తర్వాత విమానాన్ని నిలిపి ఉంచి పూర్తి థ్రాటిల్ ఇచ్చినప్పుడు వచ్చే స్టాటిక్ ఆర్‌పీఎం చూడాలి. ఆ పరిధి విమానపు టైప్ సర్టిఫికెట్ డేటా షీట్‌లో ఉంటుంది. స్టాటిక్ తక్కువగా వచ్చిందంటే పిచ్ మరీ తగ్గకుండా అడ్డుకునే ఆపు దాకా రెక్క వెళ్లడం లేదనో, ఆ ఆపు సరైన చోట లేదనో, ఇంజనే బలహీనపడిందనో అర్థం. స్టాటిక్ సరిగ్గా ఉండి సమతలంగా ఎగిరేటప్పుడే ఆర్‌పీఎం తగ్గితే బరువుల లెక్క చూడాలి.

బరువు తీస్తే ఆర్‌పీఎం పెరుగుతుంది, వేస్తే తగ్గుతుంది. ఎత్తైన ఊళ్లో తీయాలి, కిందికి తిరిగి వచ్చాక మళ్లీ వేయాలి. తీసిన పలకల్ని, వాషర్లని సంచిలో వేసి ఏ రెక్కవో రాసి లాగ్‌బుక్‌తో పాటు దాచకపోతే ఆ తిరిగి వేయడం దగ్గర పొరపాటు జరుగుతుంది. సముద్ర మట్టానికి దిగాక తేలిక బరువులతోనే ఎగిరితే ఇంజన్ ఎర్రగీత (గరిష్ఠ ఆర్‌పీఎం హద్దు) దాటి తిరుగుతుంది, అది ఇంజన్‌కే ప్రమాదం. రెండు రెక్కలకూ ఎప్పుడూ సమానంగానే తీయాలి, వేయాలి. గ్రాము త్రాసులో తూచాలి, లెక్కపెట్టి ఇన్ని పలకలని సరిపెట్టకూడదు. ఒక్కసారికి ఒక్క చిన్న అంచెలో మార్చి, ఎగిరి, అప్పటి ఎత్తు, బయటి ఉష్ణోగ్రత, పూర్తి థ్రాటిల్‌లో సమతలంగా ఎగిరినప్పటి ఆర్‌పీఎం రాసుకోండి. మూడు నాలుగు అంచెల్లో మీ ఊరికి సరిపడే బరువు తేలుతుంది. ఈ పని మాన్యువల్ ప్రకారం మెకానిక్ చేసి లాగ్‌బుక్‌లో సంతకం పెట్టాలి.

ప్రశ్న: ఫ్లోరిడాలో పదేళ్లు ఉన్న విమానాన్ని అరిజోనాకి తెచ్చాను. చెక్క ప్రొపెల్లర్‌కి ఎండ వల్ల నష్టమా, పొడి గాలి వల్లా? నిలిపినప్పుడు ఎలా ఉంచాలి? (ఫీనిక్స్, అరిజోనా)

జవాబు: రెండూ నష్టమే. ఎండ వార్నిష్‌ని తినేస్తే, పొడి గాలి చెక్కనే కుదిస్తుంది. చెక్క తన చుట్టూ ఉన్న గాలితో నెమ్మదిగా తేమ ఇచ్చిపుచ్చుకుంటుంది. సుమారు 21 డిగ్రీల సెల్సియస్ దగ్గర గాలిలో తేమ 65 శాతం ఉంటే చెక్కలో నిలిచే తేమ 12 శాతం దాకా ఉంటుంది. గాలిలో తేమ 30 శాతానికి పడిపోతే చెక్కలోది దాదాపు 6 శాతానికి దిగుతుంది. ఈ మార్పుకి 100 మిల్లీమీటర్ల వెడల్పున్న పసుపు బర్చ్ చెక్క నారకు అడ్డంగా ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్లు కుంచించుకుంటుంది. నార వెంబడి మాత్రం ఆ మార్పు లెక్కలోకి రాదు. వార్నిష్ ఈ మార్పును నెమ్మదింపజేస్తుందే తప్ప ఆపలేదు. చెక్కను చుట్టుకున్న పొన్ను ఇసుమంత కూడా కదలదు కాబట్టి ఆ ఒత్తిడంతా మళ్లీ ఆ జాయింటు దగ్గరే తేలుతుంది. ఊరు మారిన మొదటి ఏడాది పొన్ను అంచునీ, పొరలు అతికిన గీతల్నీ నెలకోసారి భూతద్దంతో చూడండి. బ్యాలెన్స్ కూడా మళ్లీ చూపించుకోవాలి, ఎందుకంటే రెండు రెక్కలూ ఒకే మోతాదులో ఆరుతాయన్న హామీ లేదు. చెక్కకు తేమ పట్టిందని హీటరు ముందు పెట్టి ఆరబెట్టే ప్రయత్నం మాత్రం ఎప్పుడూ చేయకండి. పైపొర తొందరగా ఆరి, లోపలి పొర ఆరక, నెర్రెలు ఇస్తుంది.

నిలిపినప్పుడు రెక్కలు నేలకు సమాంతరంగా ఉండాలి. ఒక రెక్క పైకి, ఒకటి కిందికి ఉంచితే నీళ్లు కింది రెక్క కొసకు చేరి అది బరువెక్కుతుంది. తర్వాత ఇంజన్ నడిపినప్పుడు వణుకు పుడుతుంది. కప్పడానికి గాలి ఆడే గుడ్డ తొడుగు వాడండి. ప్లాస్టిక్ షీటు చుడితే ఎండకు లోపల ఆవిరి పట్టి చెక్కను నానబెడుతుంది.

కొస లోహానికి సన్నటి రంధ్రాలు ఉంటాయి, లోపలి తేమ బయటికి పోవడానికి, లోపలికి గాలి ఆడడానికి. 60 నంబరు డ్రిల్లుతో, అంటే సుమారు 1 మిల్లీమీటరు వ్యాసంతో, 3/16 అంగుళం లోతుకు మించకుండా వేస్తారు. వార్నిష్, మైనం, పురుగుల మరకలు వాటిని మూసేస్తాయి. అంతే మందమున్న తీగను వేళ్లతో తిప్పుతూ శుభ్రం చేయండి. డ్రిల్లు మెషిన్ పెడితే రంధ్రం పెద్దదై చెక్క బయటపడుతుంది.

ప్రశ్న: అంచు లోహం మీద టంకం చిట్లింది. వార్నిష్ కూడా తెల్లబారింది. ఇవి సొంతంగా చేసుకోవచ్చా? (అట్లాంటా, జార్జియా)

జవాబు: 72 అంగుళాల ప్రొపెల్లర్ 2,500 ఆర్‌పీఎంలో తిరిగితే రెక్క కొస గంటకు సుమారు 860 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఆ వేగంలో వాన చినుకు, ఇసుక రేణువు చెక్కను కొరికేస్తాయి కాబట్టే అంచుకి ఇత్తడి, మోనెల్ (నికెల్, రాగి కలిసిన లోహం) లేదా స్టెయిన్‌లెస్ స్టీల్ రేకు వేస్తారు. రేకును మందమున్న చోట స్క్రూలతో, కొస దగ్గర రివెట్లతో బిగించి, తలల మీద టంకం పోసి సాపు చేస్తారు. వానలో ఎగరాల్సి వస్తే ఆర్‌పీఎం తగ్గించడం ఆ రేకుకు మేలు.

టంకం చిట్లిందంటే దాని కింది స్క్రూ కదులుతూ ఉండవచ్చు. నాణెంతో రేకు పొడవునా మెల్లగా కొట్టుకుంటూ పోండి. గట్టిగా అతికి ఉన్నచోట చప్పుడు కణకణమంటుంది, లేచినచోట మొద్దుగా వినిపిస్తుంది. ఏ స్క్రూ తలైనా పైకి పొడుచుకు వచ్చినా, రేకు బొటనవేలికి కదిలినా ఎగరవద్దు. ఆ రేకు ఊడిపడితే రెండు రెక్కల బరువూ ఒక్కసారిగా తేడా పడి ఇంజన్ మౌంట్‌కే ముప్పు వస్తుంది.

ఇక ఎవరు చేయవచ్చన్నది. అమెరికా నిబంధనల పార్ట్ 43 అనుబంధం ‘ఎ’లో చెక్క ప్రొపెల్లర్‌కి కొస రేకు మార్చడం, చెక్క రెక్కలో ముక్క అతకడం, కొస గుడ్డ మార్చడం, ప్లాస్టిక్ పూత మార్చడం, పిచ్ మారే ప్రొపెల్లర్‌ని ఓవర్‌హాల్ చేయడం అన్నీ పెద్ద రిపేర్ల కింద రాశారు. అంటే ప్రొపెల్లర్ రిపేర్ స్టేషన్ చేయాల్సిన పనులు. యజమాని చేసుకోగల పనుల జాబితాలో రంగు వేయడం ఉంది కానీ ఆ వాక్యంలో ప్రొపెల్లర్ పేరు లేదు. కాబట్టి వార్నిష్ పని మెకానిక్ చేతిలోనే పెట్టండి. కడగడం, మైనం రాయడం మీరు చేసుకోవచ్చు. గోరువెచ్చటి నీళ్లు, తేలికపాటి సబ్బు, మెత్తటి గుడ్డ చాలు. నీళ్ల జెట్ కొట్టవద్దు. మైనంలో సిలికాన్ ఉంటే రేపు వేసే వార్నిష్ అక్కడ పట్టక కళ్లు కళ్లుగా చెదురుతుంది, అది లేనిదే ఎంచుకోండి.

మెకానిక్ పూత వేసేటప్పుడు మీరు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. శాండ్‌పేపర్ పూతనే రుద్దాలి, చెక్కను కాదు. చెక్క తగ్గితే రెక్క ఆకారమే మారిపోతుంది. రెండు రెక్కలకూ ఒకే డబ్బాలోంచి, ఒకే రోజు, తూచిన కొలతతో వేయాలి. రంధ్రాల్లో పిన్ను గుచ్చి ఉంచి, వార్నిష్ ఆరే ముందు తీసేయాలి. ఆరాక బ్యాలెన్స్ చూడకుండా బిగించకూడదు. పొన్ను అంచున పుట్టింది కాకుండా, నార వెంబడి ఉన్న చిన్న పగులును రెజిన్ జిగురుతో నింపవచ్చు. చిన్న సొట్టను జిగురు, సన్నటి రంపపు పొట్టు కలిపిన ముద్దతో పూడ్చవచ్చు. నారకు అడ్డంగా వచ్చిన పగులు, లోతైన కోత, విడిపోయిన పొరలు, పైకి తెలిసేంత వంకర వీటికి మాత్రం మందు లేదు, ఆ రెక్కను పక్కన పెట్టాల్సిందే.

ప్రశ్న: 1,900 ఆర్‌పీఎం దగ్గర ఒకలాంటి వణుకు వస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలి? (చికాగో)

జవాబు: ముందు ట్రాక్, అంటే రెండు రెక్కల కొసలూ ఒకే దారిలో తిరుగుతున్నాయా అన్నది చూడండి. చక్రాలకు అడ్డాలు పెట్టి, మాగ్నెటోలు ఆపి, ప్రతి సిలిండర్‌కి ఒక స్పార్క్ ప్లగ్ తీసేస్తే ప్రొపెల్లర్ చేత్తో తేలిగ్గా తిరుగుతుంది. ఒక రెక్క కొసకు తగిలీ తగలనట్టు చెక్కపెట్టె నిలిపి గుర్తు పెట్టండి. అర చుట్టు తిప్పి రెండో రెక్క కొస ఎక్కడికి వచ్చిందో చూడండి. చెక్క రెక్కలకు తేడా 1/8 అంగుళం లోపు ఉండాలి. మించితే రెక్క వంకర పోయిందో, బేరింగ్ అరిగిందో, హబ్ ముఖం కింద మురికి ఉందో తేల్చాలి.

ట్రాక్ సరిపోతే మాన్యువల్ చెప్పిన చోట ప్రొట్రాక్టర్ పెట్టి రెండు రెక్కల కోణాలు కొలవాలి. ఆ తర్వాతే బ్యాలెన్స్. విప్పిన ప్రొపెల్లర్‌ని ఇరుసు కడ్డీతో కత్తి అంచుల మీద పెట్టి, రెక్కలు అడ్డంగా ఉన్నప్పుడొకసారి, నిలువుగా ఉన్నప్పుడొకసారి ఎటు తిరుగుతుందో చూస్తారు. తేలిక రెక్క కొస రేకు మీద టంకం వేసి సరిచేస్తారు. 36 అంగుళాల దూరంలో ఒక్క గ్రాము తేడా 2,500 ఆర్‌పీఎంలో ఆరు కిలోలకు పైగా లాగుతుంది. కాబట్టి ఆ టంకం గ్రాములో పదో వంతు దాకా లెక్కలోకే వస్తుంది. కౌంటర్‌వెయిట్లని మర్చిపోయి రెక్కల్నే తూచడం ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పు.

అంతా సరిగ్గా ఉండి వణుకు పోకపోతే, ఇరుసు (క్రాంక్‌షాఫ్ట్) కొసన బోల్టులతో బిగించే పళ్లెం, అంటే ఫ్లాంజ్ ఉన్న ఇంజన్‌లో ప్రొపెల్లర్‌ని 180 డిగ్రీలు తిప్పి బిగించి చూడవచ్చు. వణుకు మారితే తప్పు ప్రొపెల్లర్, క్రాంక్‌షాఫ్ట్ జోడీలో ఉంది. మారకపోతే ఇంజన్‌లోనో, మౌంట్ రబ్బర్లలోనో వెతకండి. కొస సన్నబడి, ప్రొపెల్లర్‌ని ఒకే చోట పట్టే కీ ఉన్న టేపర్ షాఫ్ట్‌కి ఈ వెసులుబాటు లేదు.

ప్రశ్న: రెక్క చేత్తో మెలితిప్పితే ఆగి ఆగి కదులుతోంది. గ్రీజు ఎక్కువ పట్టిస్తే సరిపోతుందా? (శాన్ హోసే, కాలిఫోర్నియా)

జవాబు: సరిపోదు. బిగువు అంతటా ఒకేలా ఉంటే పాత గ్రీజు గట్టిపడి ఉంటుంది. మెట్లు మెట్లుగా ఆగుతుంటే బేరింగ్ గాడిలో బంతులు గుంటలు పెట్టాయి, దానికి హబ్ విప్పడమే దారి. మాన్యువల్ చెప్పిన రకం గ్రీజునే, చెప్పినంతే వాడాలి. వేర్వేరు మూలపదార్థాల గ్రీజులు కలిస్తే కరిగి నీళ్లలా కారేవి కొన్ని, గడ్డకట్టేవి కొన్ని. ఎక్కువ పట్టిస్తే సీలు దాటి పొన్ను మీదికి, అక్కడి నుంచి చెక్క మీదికి పాకుతుంది. జిడ్డు పట్టిన చెక్కకు వార్నిష్ అంటదు, పగులు ఉన్నా కనపడదు.

ప్రశ్న: పాత బొనాంజాల మీద, పైపర్ పేసర్ మీద చెక్క రెక్కలే చూశాను. వాటికీ ఇవే మాటలు వర్తిస్తాయా? (సియాటిల్)

జవాబు: చెక్కకూ పొన్నుకూ సంబంధించినవన్నీ వర్తిస్తాయి, పిచ్ మార్చే యంత్రం మాత్రం వేరు. 1947 నాటి తొలి బీచ్ బొనాంజాల చెక్క రెక్కల పిచ్‌ని ఎలక్ట్రిక్ మోటారు మారుస్తుంది. అక్కడ మోటారు, స్విచ్‌లు, రెండు కొసల ఆపులు అదనంగా చూడాలి. పెన్సిల్వేనియాలోని సెన్సెనిచ్ తయారుచేసిన స్కైబ్లేడ్ నూనె ఒత్తిడితో పనిచేస్తుంది, దానికి కారుడే మొదటి హెచ్చరిక. ఏ రకానికైనా ఎఫ్‌ఏఏ ఎయిర్‌వర్తీనెస్ డైరెక్టివ్‌ల (తప్పనిసరి భద్రతా ఆదేశాల) జాబితాను హబ్ మోడల్ నంబరుతోనూ రెక్క మోడల్ నంబరుతోనూ విడివిడిగా వెతకండి.

ప్రశ్న: మన ఫ్లయింగ్ క్లబ్బుల్లో ఉండిన హెచ్‌ఏఎల్ పుష్పక్‌కి కూడా చెక్క ప్రొపెల్లరే కదా. దానికీ ఇంత తతంగం ఉండేదా? (సికింద్రాబాద్)

జవాబు: 1958లో తొలిసారి ఎగిరిన పుష్పక్‌ది 90 అశ్వశక్తుల కాంటినెంటల్ ఇంజన్, పిచ్ మారని చెక్క ప్రొపెల్లర్. అక్కడ పొన్ను, బేరింగ్, కౌంటర్‌వెయిట్ల గొడవ లేదు, దాని జబ్బులు వేరు. చెక్క నేరుగా ఫ్లాంజ్‌కీ ముందు పలకకీ నడుమ నొక్కుకుని ఉంటుంది కాబట్టి, ఎండాకాలంలో చెక్క కుంచించుకోగానే బోల్టు బిగువు సడలుతుంది. సడలితే చెక్క ఫ్లాంజ్ మీద జారి రాపిడికి మాడుతుంది, బోల్టు రంధ్రాలు సాగుతాయి. అందుకే కొత్తగా బిగించినప్పుడు మొదటి ఎగురుడు తర్వాత, 25 గంటలకు, ఆపై కనీసం ప్రతి 50 గంటలకు టార్క్ చూడాలని నియమం. పిచ్ మారే ప్రొపెల్లర్‌లో హబ్, ఫ్లాంజ్ రెండూ లోహమే. చెక్క కుంచించుకున్నా ఆ బోల్టులకు తెలియదు, పొన్నుకే తెలుస్తుంది.

ప్రశ్న: నా ఏరోమాటిక్ ఒక రెక్క గడ్డిలో తగిలి కొస చీలింది. అదే మోడల్ పాత రెక్క ఒకటి దొరికింది. ఒక్కటే మార్చవచ్చా? (షార్లట్, నార్త్ కరోలినా)

జవాబు: ముందు ఇంజన్ సంగతి చూడండి. తిరుగుతున్న ప్రొపెల్లర్ దేనికైనా తగిలిందంటే ఇంజన్ తయారీదారు చెప్పిన తనిఖీ చేయకుండా మళ్లీ నడపకూడదు. చెక్క చీలి దెబ్బను కొంత తానే మింగుతుందన్నది నిజమే, అయినా క్రాంక్‌షాఫ్ట్ ఫ్లాంజ్ వంకరను డయల్ ఇండికేటర్‌తో కొలవాల్సిందే. తగలని రెక్క కూడా అమాయకం కాదు. రెండు రెక్కలూ హబ్‌లో పళ్లచక్రాలతో (గేర్లతో) కలిసి ఉన్నందువల్ల దెబ్బ హబ్ ద్వారా దానికీ చేరుతుంది. దాని పొన్ను అంచు, హబ్ లోపలి పళ్లు, బేరింగ్ గాడులు విప్పి చూడాలి.

పాత రెక్క మోడల్ ఒకటే అయినా బరువు, గరిమనాభి ఉన్న చోటు, మెలిక, చెక్కలోని తేమ మీ రెక్కతో సరిపోవాలని లేదు. మొత్తం బరువు సమానమైనా గరిమనాభి ఒక సెంటీమీటరు అటూ ఇటూ ఉంటే చాలు, ఇరుసు మీద లాగుడు తేడా పడుతుంది. ఏరోమాటిక్‌లో ఇది వణుకుతోనే ఆగదు, పిచ్ మార్చే బలాల లెక్క కూడా ఆ రెక్క వైపు తప్పుతుంది. కాబట్టి రెండు రెక్కలూ, హబ్, కౌంటర్‌వెయిట్లూ అన్నీ కలిపి రిపేర్ స్టేషన్‌కి పంపండి. జోడీ కుదురుతుందో లేదో వాళ్లు తూచి, కొలిచి చెబుతారు. కుదరకపోతే జతగా వచ్చే రెండు రెక్కలే కొనాలి. పాత రెక్క కొనే ముందు పొన్ను మీది సీరియల్ నంబరు, దాని లాగ్ పత్రాలు, ఏ విమానం మీద ఎన్ని గంటలు తిరిగిందన్న వివరం అడగండి. పత్రాలు లేని రెక్క చూడడానికి ఎంత బాగున్నా ఎగరడానికి కొనకండి. పొన్ను లోపల స్క్రూలు ఏ స్థితిలో ఉన్నాయో పైకి మెరిసే వార్నిష్ చెప్పదు.